కిరణచికిత్సయు, దానివలన గలుగు బాధలును

మన గుంటూరు, ప్రకాశము సీమలలో ‘కరెంటు పెట్టించుట’ యను మాట వినని గ్రామము లేదు. కేన్సరు వ్యాధి సోకినవారికి ఆసుపత్రులలో జేయు కిరణచికిత్సకు జనులు పెట్టుకొన్న పేరిది. వెనుకటివారు ఈ వ్యాధిని రాచపుండనిరి. “వాళ్ళమ్మకు కరెంటు పెడుతున్నారట” అని యొకరనిన వినువారి మొగములు చిన్నబోవును. ఆ చికిత్స యెట్టిదో, దానివలన గలుగు బాధ లేవియో, వానిలో తాత్కాలికము లేవియో, జాగ్రత్తపడవలసినవి యేవియో తెలిసినవారు మాత్రము మిక్కిలి తక్కువ. మేమును చాలకాలము ఆ తెలియనివారిలోనే యుంటిమి. అందువలన నొక కుటుంబమునకు మా మాటచే మేలు కలుగకపోగా కీడు కలిగెనేమో యను విచారము మాకు నేటికిని గలదు. ఆ సంగతి ముందు చెప్పెదము. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే.

మన పాఠశాలలో వైద్యులు లేరు. మేము వైద్యులము కాము. కావున రోగి యేమి చేయవలయునో నిర్ణయించుట మా పని కాదు. పెద్ద వైద్యశాలలలో నిత్యము రోగులకు జెప్పు సామాన్యవిషయములను పిల్లలకును, పిల్లల మూలముగా ఇంటి పెద్దలకును తెలియునట్లు కూర్చి చెప్పుటయే మా యుద్దేశము.

కిరణముల పుట్టుక

1895వ సంవత్సరము నవంబరు నెలలో జర్మనీ దేశస్థుడగు రాంట్‌జన్ అను పండితుడు ఎక్సురేలను కనుగొనెను. మరుసటి యేడు బెకెరల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు యురేనియము తనంతట తానే కిరణములను వెలువరించుచున్నదని కనుగొనెను. 1898లో మేరీ క్యూరీ, పియరీ క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. ఈ కిరణములు శరీరమును గాయపఱచునను సంగతి యెట్లు తెలిసినదో వినుడు. బెకెరల్ రేడియము గల చిన్న గాజుగొట్టమును చొక్కా జేబులో నుంచుకొని తిరుగగా, కొన్నాళ్ళకు దాని క్రింది చర్మము కాలినట్లు పుండుపడెను. పియరీ క్యూరీ తెలిసియే తన చేతిపై రేడియము నుంచుకొని, అచ్చట పుండుపడుటయు, అది మానుటకు వారములు పట్టుటయు వ్రాసియుంచెను. మంచి చర్మమును ఇట్లు చెఱుపగల వస్తువు చెడు కండను గూడ చెఱుపజాలదా యని వైద్యులు తలంచిరి. దుష్ఫలితము ముందు కనబడెను. చికిత్స దాని వెంట పుట్టెను. ఈ రెండును నాటినుండి యొక్కచోటనే యున్నవి. మేరీ క్యూరీ అనేక సంవత్సరములు ఆ కిరణముల నడుమ పనిచేసి, ఎముకల లోని మూలుగ రక్తమును పుట్టింపలేని వ్యాధిచే 1934లో మరణించెను.

అదే 1934లో చెన్నపట్టణమున బర్నార్డు రేడియాలజీ సంస్థ ప్రారంభింపబడెను. అప్పుడు గుంటూరు చెన్నరాజధానిలోని జిల్లా గాన, మనవారికి దగ్గఱ నున్న గొప్ప కిరణవైద్యశాల యదియే. పిమ్మట 1954లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికచే అడయారులో కేన్సరు ఇన్‌స్టిట్యూటును, 1955లో హైదరాబాదునందు మెహిదీ నవాజ్ జంగుగారి పేర నేడు నడచుచున్న కేన్సరు ఆసుపత్రియు వెలసినవి. మనవారనేకులు రాయవెల్లూరు మిషను ఆసుపత్రికిని పోవుచుందురు. నేడు అంతదూరము పోలేనివారికి గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టువారి తోడ్పాటుతో నిర్మింపబడిన కేన్సరు విభాగము గలదు. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్న ప్రభుత్వ పథకమునందు కిరణచికిత్సయు జేరియున్నది. కాబట్టి చికిత్స మనకు దూరమున లేదు. చికిత్సను గుఱించిన తెలివియే దూరమున నున్నది.

ఇది కరెంటు కాదు

మొట్టమొదట తెలియవలసినది, ఈ చికిత్సలో రోగి శరీరమునకు విద్యుత్తు తగిలింపబడదు. యంత్రము విద్యుత్తుచే నడచును గాని రోగిని సోకునవి కిరణములు మాత్రమే. అవి కంటికి కానరావు, చెవికి వినరావు, తగిలినప్పుడు నొప్పి పుట్టింపవు. ఎక్సురే పటము తీయించుకొన్నప్పు డెట్లు మన కేమియు తెలియదో, ఇచ్చటను అట్లే. బల్లపై పరుండబెట్టి, సరిగా అమర్చి, కొన్ని నిమిషములలో పని ముగింతురు. తలకును మెడకును చికిత్స జేయునపుడు రోగి కదలకుండుటకు జల్లెడవలె రంధ్రములు గల యొక తొడుగును మొగమునకు సరిపోవునట్లు అచ్చుపోసి తొడుగుదురు. అది చూచి భయపడువారు చాలమంది. దానిలోనుండి ఊపిరి చక్కగా నాడును. గదిలో రోగి యొక్కడే యుండును. సిబ్బంది వెలుపలనుండి కెమెరా మూలముగా చూచుచు, మాటలాడుచు నుందురు. పిలిచిన వెంటనే యంత్రమును ఆపి లోనికి వత్తురు.

రెండవది, బయటి యంత్రముచే చికిత్స పొందినవారి దేహమున కిరణములు నిలువయుండవు. దీపము నార్పిన వెలుతురు పోయినట్లే, యంత్ర మాపిన తోడనే కిరణములు పోవును. తల్లి ఇంటికి వచ్చి బిడ్డ నెత్తుకొనవచ్చును; ఒక్క కంచమున తినవచ్చును; ఒక్క పక్కపై పరుండవచ్చును. కొన్ని యిండ్లలో ఇట్టి రోగిని వసారాలో వేఱుగా నుంచి, పిల్లలను దగ్గఱకు పోనీయకుండుట మేము చూచితిమి. అది రోగముకంటె నెక్కువ బాధ. గర్భసంచి ముఖద్వారపు కేన్సరు మొదలగువానికి లోపలనుంచి యిచ్చు చికిత్సలో కిరణవస్తువును కొంతసేపుంచి తీసివేయుదురు; తీసిన పిదప భయము లేదు. థైరాయిడు గ్రంథి వ్యాధికి మందుగా మ్రింగించు అయొడిను విషయమున మాత్రము కొన్నిదినములు ఎడముగా నుండవలసియుండును. ఆ సంగతి వైద్యులే స్పష్టముగా చెప్పుదురు.

బాధ యేల కలుగును?

మన పిల్లలకు పొలము తెలియును గాన పొలముతోనే చెప్పెదము. ప్రత్తిచేనిలో సాళ్ళ నడుమ గుంటక తోలునపుడు కలుపు తెగును. ఎంత నేర్పుగా తోలినను ప్రత్తి వేళ్ళు కొన్ని తెగకపోవు. అయినను నాలుగు దినములలో ప్రత్తి తేరుకొనును, కలుపు తేరుకొనలేదు. కిరణచికిత్సయు ఇట్టిదే. కిరణములు జీవకణములలో వంశలక్షణములను మోయు సూక్ష్మతంతువులను తెంచును. కేన్సరు కణములు ఆ తెగుడును సరిగా బాగుచేసికొనలేవు. మంచి కణములు చాలవఱకు బాగుచేసికొనును. అయితే దానికి వానికి వ్యవధి కావలయును. అందుచేతనే మొత్తము మోతాదును ఒక్కమారుగా నీయక, దినదినము కొంచెము కొంచెముగా నిత్తురు.

ఈ యుపాయమును స్థిరపఱచినవారు పారిస్ నగరపు వైద్యులు రెగో, కూటార్ అనువారలు. 1920 తరువాతి సంవత్సరములలో రెగో పొట్టేళ్ళపై పరీక్షలు జేసి, ఒక్కమారిచ్చిన పెద్ద మోతాదు చర్మమును పాడుచేయుననియు, అదే పనిని పలుమారులుగా జేసిన చర్మము నిలుచుననియు చూపెను. కూటార్ దానిని గొంతు కేన్సరు రోగులకు వినియోగించెను. నేటికిని సామాన్యపద్ధతి యిదియే. మోతాదును ‘గ్రే’ అను కొలతతో కొలుతురు. దినమునకు సుమారు 2 గ్రేలు, వారమునకు 5 దినములు, నోటి కేన్సరువంటి వానికి మొత్తము 60 మొదలు 70 గ్రేల వఱకు, అనగా ఆఱేడు వారములు ఇత్తురు. రొమ్ము కేన్సరు మొదలగు కొన్నింటికి ఇప్పుడు తక్కువ వారములలో ముగించు పద్ధతులును గలవు.

ఇక శరీరములో శీఘ్రముగా పెరుగుచు, రాలుచు, మఱల పుట్టుచుండు భాగములున్నవి. నోటిలోపలి పొర, చర్మము, వెండ్రుకల కుదుళ్ళు, ప్రేగుల లోపలి పొర అట్టివి. రాలినవాని స్థానమున క్రొత్తవి పుట్టుట తాత్కాలికముగా నిలిచిపోవుటచే అచ్చట బాధ మొదట కనబడును. అందుచేతనే మొదటివారమున రోగికి ఏమియు తెలియదు. రెండవ మూడవ వారములలో బాధ మొదలై, చికిత్స ముగిసిన తరువాత వారము పదిదినముల వఱకు హెచ్చి, పిమ్మట తగ్గును. చికిత్స ముగిసినదినముననే సుఖము కలుగలేదని నిరాశపడరాదు.

మఱియొక నియమము గుర్తుంచుకొనదగినది: కిరణములు సోకినచోటనే బాధ. రొమ్మునకు చికిత్స జేసినచో తల వెండ్రుకలు రాలవు. తలకు జేసినచో రాలును. కడుపునకు జేసినచో విరేచనములు కలుగవచ్చును. నోటికి జేసినచో కలుగవు. ఒక్క యలసట మాత్రము ఎచ్చట చికిత్స జేసినను రావచ్చును. సూదిమందుల చికిత్స కూడ నదే కాలమున నిచ్చినచో బాధలు హెచ్చును.

చర్మము

చికిత్స జరుగుచోట చర్మము మొదట ఎఱ్ఱనై లేక నలుపెక్కి, పొడిబారి, దురదపెట్టును. చంకలు, మెడముడుతలు, రొమ్ముక్రింద, తొడలసందులు మొదలగు ఒరిపిడి గలచోట్ల పైపొర యూడి రసి కాఱవచ్చును. పూర్వపు యంత్రములలో మోతాదులో నెక్కువభాగము చర్మముపైననే పడుటచే కాలిన పుండ్లు పడెడివి. నేటి యంత్రముల కిరణములు చర్మము దాటి లోపలనే యెక్కువగా పనిచేయును. కావున వెనుకటివారు చెప్పుకొను ఘోరములు నేడు అంతగా లేవు.

రోగి చర్మమును గోరువెచ్చని నీటితో రుద్దకుండ కడిగి, మెత్తని గుడ్డతో అద్దుకొనవలయును. కాపడము పెట్టరాదు; మంచుగడ్డ యుంచరాదు. పసుపు, ఆముదము, సున్నము, ఆకుపసరులు మొదలగునవి వైద్యు నడుగక పూయరాదు. చికిత్సచోట కత్తితో క్షౌరము చేసికొనరాదు. సిబ్బంది వేసిన గుర్తులను చెఱిపివేయరాదు. అవి చెఱిగిన కిరణములు ఎచ్చట పడవలయునో మఱల కొలువవలసి వచ్చును. వేసికొను బట్టకు మన సీమలో పండు ప్రత్తికంటె మంచిది లేదు. పలుమారులుతికి మెత్తబడిన పాత నూలుపంచెయో, చీరయో శ్రేష్ఠము. బిగుతు రవికలు, గరుకు కాలరులు, మెడలోని గొలుసులు ఒరిపిడి కలిగించును. ఎండ తగులరాదు. మన మిరపకోతలు ఎండలలోనే సాగును గాన ఈ మాటను రైతుకుటుంబములవారు గట్టిగా పట్టించుకొనవలయును. చికిత్స పొందిన చర్మమును ఎండనుండి ఆ తరువాతను కాపాడుకొనుచుండవలయును.

నోరు, గొంతు

పొగాకు పండు సీమ మనది. చుట్ట, బీడీ, పొగాకుకాడ, ఖైనీ, గుట్కాలవలన నోటి కేన్సరు మనవారిలో నెక్కువ. అందుచే నోటి చికిత్సలోని బాధలను గుఱించి విస్తరించి చెప్పుట యవసరము.

రెండవ మూడవ వారమున నోటి లోపలిపొర పలుచనై, ఎఱ్ఱబాఱి, తెల్లని పొక్కులుగా పుండుపడును. మ్రింగుట కష్టమగును. లాలాజలమును స్రవించు గ్రంథులు దెబ్బతినుటచే ఉమ్ము చిక్కబడి, పిమ్మట నోరెండిపోవును. రుచి తెలియదు, అన్నము మట్టివలె నుండును. రుచి కొన్నినెలలకు చాలవఱకు తిరిగి వచ్చును. లాలాజలము కొందఱికి ఒకటి రెండేండ్లలో కొంతవఱకు వచ్చును. కొందఱికి పూర్తిగా రాదు.

ఇచ్చట మన సీమకు ప్రత్యేకమైన చిక్కొకటి గలదు. మనకు కారము లేనిది భోజనమే కాదు. పచ్చిమిరపకాయ నంజుకొననిదే ముద్ద దిగదు. మిరపకాయ యేల మండునో 1997లో డేవిడ్ జూలియస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కనుగొనెను. మన నరములలో వేడిని తెలిసికొను చిన్న ద్వారములవంటివి గలవు. నిప్పు తగిలినపుడు తెఱచుకొను ఆ ద్వారములను మిరపకాయలోని కాప్సైసిన్ అను పదార్థము కూడ తెఱచును. అందుచేతనే నోరు కాలకయే కాలినట్లు తోచును. ఇందుకు జూలియస్‌గారికి 2021లో నోబెలు బహుమానములో భాగము లభించెను. నోటిపొర నిండుగా నున్నవారికే అంత మంట గలిగినచో, పొర పలుచబడి నరములు బయటపడినవారి గతి యెట్టిదో యోచింపుడు. ఒక్క మెతుకు కారము వారికి నిప్పుకణికయే. కావున చికిత్స మొదలిడిన నాటినుండియే ఆవకాయ, గోంగూర, చింతపండు పులుసు, పచ్చిమిరప, మిరియములు, వేడివేడి కాఫీ, గట్టి జంతికలు మానవలయును. పుండుపడిన తరువాత మానుట కాదు, పడకముందే మానవలయును.

దానికి బదులుగా చల్లారిన మెత్తని పెరుగన్నము, పలుచని మజ్జిగ, రాగిజావ, ముద్దగా నుడికిన పెసరపప్పన్నము, పాలలో నానిన ఇడ్లీ, మగ్గిన అరటిపండు, మెత్తగా నుడికించిన గ్రుడ్డు, మెత్తగా రుబ్బిన వేరుసెనగపప్పు మొదలగునవి కొంచెము కొంచెముగా పలుమారులు ఈయవలయును. బరువు తగ్గకుండ చూచుట ముఖ్యము. బరువు మిక్కిలి తగ్గినచో మొగముపై తొడుగు వదులై, కిరణములు గుఱితప్పు నవకాశము గలదు. మ్రింగలేనివారికి వైద్యులు ముక్కుగుండ చిన్నగొట్టము వేసి ఆహారము నిత్తురు. దానిని చూచి ‘ఇక అయిపోయెను’ అని యేడ్చు బంధువులున్నారు. అది అంత్యకాలపు చిహ్నము కాదు. ఆఱువారముల దారి దాటించు వంతెన మాత్రమే.

ఒక గ్లాసు నీటిలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా వేసి దినమునకు పలుమారులు పుక్కిలింపవలయును. మెత్తని కుచ్చుగల బ్రష్షు వాడవలయును; వేపపుల్ల, బొగ్గుపొడి కూడవు. పొగాకును, మద్యమును పూర్తిగా విడువవలయును. విడువనివారికి బాధయు హెచ్చు, మందు పనిచేయుటయు తక్కువ. పాడైన పండ్లను చికిత్సకు ముందే తీయింతురు. ఏలయన కిరణములు సోకిన దవడయెముకకు రక్తప్రసారము తగ్గి, తరువాత పన్ను తీయించిన గాయము మానక ఎముకయే చివుకవచ్చును. ఈ యపాయము సంవత్సరముల తరువాతను ఉండును. కావున చికిత్స పొందినవారు పన్ను తీయించుకొనుటకు పోయినపుడు ‘నాకు దవడకు కిరణచికిత్స జరిగినది’ అని తప్పక చెప్పవలయును. దవడ బిగిసిపోకుండ దినమును నోరు తెఱచి మూయు వ్యాయామము చేయుచుండవలయును.

ఇతర భాగములు

కడుపునకును, పొత్తికడుపునకును చికిత్స జేయునపుడు వికారము, విరేచనములు, మూత్రమున మంట కలుగవచ్చును. వీనికి మంచిమందులు గలవు. నీరు, మజ్జిగ, ఉప్పుపంచదార నీరు త్రాగుచుండవలయును. స్త్రీలకు గర్భసంచి కేన్సరు చికిత్సచే నెలసరి నిలిచిపోవుటయు, సంతానయోగ్యత పోవుటయు గలదు. సంకోచింపక ముందుగనే వైద్యు నడిగి తెలిసికొనవలయును. రొమ్మునకు చికిత్స జరిగినవారిలో కొందఱికి చేయి వాచును. ఛాతికి చేసినపుడు మ్రింగుట కష్టమగుటయు, కొన్ని వారములకో నెలలకో పొడిదగ్గు, ఆయాసము వచ్చుటయు గలదు. మెడకు చేసినవారికి కొన్నేండ్లకు థైరాయిడు మందగించవచ్చును గాన అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకొనవలయును. చాల సంవత్సరముల తరువాత కిరణములు సోకినచోట వేఱొక కేన్సరు పుట్టుట అరుదుగా గలదు. కాని ఉన్న కేన్సరును వదలివేయుటవలని యపాయముతో పోల్చిన అది మిక్కిలి స్వల్పము.

అలసటను గుఱించి ఒక మాట. ఇది సోమరితనము కాదు. నిద్రపోయినను తీఱని యలసట యిది; చికిత్స ముగిసిన తరువాతను కొన్ని వారములుండును. “ఇంట్లో కూర్చుని తినుటేగా” అను సూటిపోటి మాటలు అత్తవారిండ్లలో మేము వింటిమి. ఆ మాట లనువారికి ఈ సంగతి తెలియదనియే మా నమ్మకము.

మధ్యలో మానరాదు

ఇప్పుడు మొదట చెప్పెదమన్న సంగతి. 2022వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మా తరగతి విద్యార్థి యొకడు పదిదినములుగా బడికి రాకుండుటచే మేము వాని యింటికి పోతిమి. ఆ యేడు నల్ల తామరపురుగు మిరపచేలను పాడుచేసినందున కౌలురైతుల యవస్థ చెప్పనలవి కాకుండెను. మిగిలిన నాలుగు కాయలైనను కోసికొనవలయునని తండ్రియు బిడ్డయు చేనిలో నుండిరి. తల్లి యింటియొద్ద చాపపై కూర్చుండియుండెను. ఆమెకు బుగ్గలోపల కేన్సరు. 33 దినముల చికిత్సలో 16 దినములు ముగించుకొని, నోరు పుండగుటచే ఇంటికి వచ్చివేసినది.

“మెతుకు నోట్లో పెట్టుకుంటే నిప్పు పెట్టుకున్నట్టుంది మాస్టారూ. కరెంటుకి కాలిపోయిందంటున్నారు అందరూ. కోతలయ్యాక పోదామనుకుంటున్నాం” అని యామె మెల్లగా చెప్పెను.

మేమేమని యుండవలెను? “ఒక్కరోజైనను ఆగవద్దమ్మా” అని యుండవలెను. మేము అట్లనలేదు. చదువుకొన్నవారము, సైన్సు పాఠములు చెప్పువారము. అయినను మాకు తెలియక, “పాపము, పుండు మాననిమ్మమ్మా, మానినాక పోవచ్చునులే” అంటిమి. ఓదార్పు మాట యనుకొంటిమి. మాస్టారు కూడ అనినారని ఆ యింట దానికి బలము కలిగెను. ఆమె మొత్తము 18 దినములు ఇంట నుండెను. తరువాత పోయి చికిత్స ముగించుకొనెను. గడ్డ తగ్గెను. మరుసటి యేడు మఱల వచ్చెను. 2023లో ఆమె మరణించెను.

నడుమ ఆపినందుననే వ్యాధి మఱల వచ్చెనని యెవరును నిశ్చయముగా చెప్పజాలరు. ఆపకున్నను రావచ్చును. కాని మేము తరువాత తెలిసికొన్న సంగతి యిది. చికిత్స మొదలైన మూడు నాలుగు వారములకు మిగిలిన కేన్సరు కణములు మునుపటికంటె త్వరగా పెరుగసాగును. నోటి, గొంతు కేన్సరులలో చికిత్స ఒక్కొక్క దినము పొడిగిన కొలది వ్యాధి అదుపులోనికి వచ్చు నవకాశము సుమారు నూటికి ఒకవంతు చొప్పున తగ్గునని వైద్యులు లెక్కకట్టియున్నారు. సగము చేను గుంటక తోలి ఆపిన తరువాత వాన కురిసినచో మిగిలిన కలుపు ఎంత వేగముగా లేచునో రైతుబిడ్డల కెఱుకయే. అప్పుడు మొదటి తోలుడంతయు వ్యర్థమగును.

పుండు భరింపరానిదైనపుడు ఇంటికి వచ్చుట మార్గము కాదు. వైద్యునితో చెప్పుటయే మార్గము. నొప్పి తగ్గించు మందులు, నోటికి రాయు మందులు, గొట్టముద్వారా ఆహారము, అవసరమైనచో ఆసుపత్రిలో చేర్చుకొనుట, ఇన్ని యుపాయములు వారియొద్ద గలవు. ఆపవలసినచో వైద్యులే ఆపుదురు; ఆపిన దినముల నెట్లు పూడ్చవలయునో వారికి తెలియును. జ్వరము వచ్చినను, నీళ్ళు కూడ మ్రింగలేకున్నను, రక్తము కాఱినను, ఆయాసము కలిగినను, విరేచనములు ఆగకున్నను ఆనాడే చెప్పవలయును. మరుసటి సోమవారము వఱకు ఆగరాదు.

పిల్లలు చేయదగినవి

ఈ పత్రికను చదువు బాలబాలికలారా! మీ యింటనో, మీ వీధిలోనో ఇట్టి రోగి యున్నచో మీరు చేయగల పనులు కొన్ని గలవు. చికిత్స యెన్నిదినములో గోడమీది కేలండరులో గుర్తుపెట్టి, ముగిసిన దినమును కొట్టివేయుడు. ఎన్ని మిగిలినవో తెలిసిన రోగికి ధైర్యము కలుగును. కూరలో కారము వేయకముందు రోగికొఱకు ఒక గిన్నెడు వేఱుగా తీసియుంచుమని అమ్మతో చెప్పుడు. మందుచీటిని చదివి పెట్టుడు. పుక్కిలించు నీరు కలిపియిండు. ఇరుగుపొరుగువారు ‘కరెంటు కాల్చివేయును’ అనినపుడు, అది కరెంటు కాదనియు, తగ్గిపోవు పుండనియు, మధ్యలో మానుటయే అపాయమనియు మర్యాదగా చెప్పుడు. కోతల కాలమైనచో రోగి బదులు చేనికి ఎవరు పోవలయునో, ఆసుపత్రికి తోడు ఎవరు పోవలయునో పెద్దలు ముందుగనే మాటలాడుకొనునట్లు జ్ఞాపకము చేయుడు. బస్సుఖర్చు లేక చికిత్స మానదలచినవారున్నచో మాకు తెలియజేయుడు. ఉపాధ్యాయులమందఱము కలిసి చేయగలిగినది చేయుదుము.

పైని చెప్పిన విద్యార్థి పదవ తరగతిలో నున్నపుడు ఒకనాడు బడి విడిచిన తరువాత మాయొద్దకు వచ్చి, “మాస్టారూ, అమ్మ అప్పుడు ఇంటికి రాకుండా ఉండి ఉంటే తగ్గేదా?” అని యడిగెను. మేము వానికి తెలిసినది తెలిసినట్లు చెప్పితిమి. మేము అనిన మాటను గూడ దాచలేదు. వాడు కొంతసేపు ఊరకుండి, “మాకు తెలీదు కదండీ” అనెను. ‘మీకు తెలీదు’ అని మమ్ము దూషింపలేదు. ‘మాకు’ అని మమ్మును తమతో కలుపుకొనెను. ఆ మాట ఇక మన బడిలో నెవరును అనవలసిన యవసరము లేకుండుటకే ఈ నాలుగు పుటలును వ్రాసితిమి. చదివినవారు ఇంటికి పోయి, చదువరాని పెద్దలకు చదివి వినిపింతురుగాక.